పెట్రోలియం మంత్రి గారికి బహిరంగ లేఖ: చమురు దాచుకునే చోటు 15.33 మిలియన్ టన్నులు అన్నారు, 5.33 దగ్గరే ఉన్నాం

గౌరవనీయులైన కేంద్ర పెట్రోలియం, సహజవాయువు శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఎక్కడ యుద్ధం మొదలైనా మాకు వినిపించే మాట ఒకటే. దేశంలో 74 రోజులకు సరిపడా నిల్వలున్నాయి, ఎవరూ కంగారు పడొద్దు అని. ఈ 74లో 64.5 రోజులవి ఆయిల్ కంపెనీల దగ్గర ఉండేవి. ఆపద కోసమని దేశం విడిగా దాచుకోగలిగేది మిగిలిన 9.5 రోజులకే. ఇది నేను మీకు చెప్పాల్సిన లెక్క కాదు, పార్లమెంటులో మీ శాఖ ఇచ్చిన జవాబుల్లోదే. కంపెనీల ట్యాంకుల్లో ఉండేది ఇవాళ వచ్చి రేపు రిఫైనరీలోకి పోయే ముడి చమురు, లేదా ఎల్లుండి బంకుకి చేరే డీజిల్. అది కొట్టులో సరుకే తప్ప గాదెలో గింజలు కాదు. పోనీ ఆ 9.5 అయినా నికరమా అంటే, చమురు దాచే భూగర్భ రాతి గుహలు నిండుగా ఉన్నాయనుకుని 2019-20 నాటి వాడకం మీద కట్టిన లెక్క అది. ఆ తర్వాత వాడకం పెరిగింది. గుహలు ఎన్ని ఉన్నాయో అన్నే ఉన్నాయి.

నేను విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటు యజమానిని. చేపలు పట్టుకునేవాడికి చమురు నిల్వల గొడవ ఎందుకని నన్ను చాలామంది అడిగారు. బోటు వేటకి కదలాలంటే ముందు డీజిల్ పడాలి, తర్వాత ఐసు, ఆ తర్వాతే మిగతావి. ఖర్చులో పెద్ద వాటా డీజిల్‌దే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలై నెల తిరక్కముందే టోకు డీజిల్ లీటరుకి 25 రూపాయల దాకా పెరిగింది. ఆ రోజుల్లో లెక్క వేసుకుంటే, వల నిండా పడినా కలాసీల వాటాలు పోగా చేతికి మిగిలేది ఏమీ కనపడలేదు. బోటు కట్టేసుకుని కూర్చోవడమే నయమనిపించింది. 2025లో 61 రోజుల వేట నిషేధం జూన్ 14తో ముగిసింది. అప్పు తెచ్చి వలలు బాగు చేయించి, ఇంజను విప్పి బిగించి, బోట్లు దించుదామనుకునే సరికి ముందు రోజే ఇరాన్ మీద దాడులు మొదలయ్యాయి. గల్ఫ్ చమురు ఓడలు బయటికొచ్చే హోర్ముజ్ జలసంధి మూసేస్తారని ఒకటే వార్తలు. ప్రపంచం వాడే చమురులో సుమారు ఐదో వంతు ఆ ఇరుకులోంచే రావాలి. ఆ పన్నెండు రోజులూ బోటు నడిపే మా సరంగు చేతిలో ఫోను దించలేదు. బోటు నడిసముద్రంలో ఉండగా రేటు పెరిగితే తిరిగొచ్చాక మళ్ళీ ఆయిల్ కొట్టించడానికి డబ్బులెక్కడివి అన్న టెన్షన్ అది. అదృష్టం బాగుండి జలసంధి మూతపడలేదు. దేశం చమురు భద్రత అదృష్టం మీద నడవకూడదనే ఈ లేఖ రాస్తున్నాను.

అయ్యా, 2017 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగం మీరు చూసే ఉంటారు. ఒడిశాలో చండీఖోల్, రాజస్థాన్‌లో బికనీర్, ఈ రెండు చోట్లా కొత్త గుహలు తవ్వుతామని, వాటితో మన వ్యూహాత్మక నిల్వల సామర్థ్యం 1.533 కోట్ల టన్నులకు చేరుతుందని ఆనాటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ గారు సభలో చెప్పారు. మీ లెక్కల భాషలో 15.33 మిలియన్ టన్నులు. మరుసటి ఏడాది, 2018 జూన్‌లో, మంత్రివర్గం ఆమోదం దగ్గరికి వచ్చేసరికి బికనీర్ పేరు లేదు. చండీఖోల్, కర్ణాటకలోని పాదూరులో రెండో దశ కలిపి 6.5 మిలియన్ టన్నులు అన్నారు. 2021 జూలైలో అవే రెండిటికీ మళ్ళీ ఆమోదం, ఈసారి ప్రైవేటు భాగస్వామ్యంతో అన్నారు. ఒకే గుహకి ఎన్నిసార్లు ఆమోదం కావాలి? ఆ రెండు కొత్త గుహల్లోనూ ఈనాటికీ ఒక్క బ్యారెల్ దాచుకునే వీలు రాలేదు. విశాఖలో 1.33, మంగళూరులో 1.5, పాదూరు మొదటి దశలో 2.5, మొత్తం 5.33 మిలియన్ టన్నులు. తొలి దశలో కట్టినవి అవే, ఈ రోజుకీ ఉన్నవి అవే. 2017లో చెప్పిన మాటకీ ఇప్పటికీ మధ్య కోటి టన్నుల తేడా ఉంది.

2019 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి గారు గుంటూరు వచ్చినప్పుడు మా విశాఖ గుహను జాతికి అంకితం చేశారు. మా ఊరి కొండ కింద దేశం చమురు దాచుకుంటోందని మేమంతా గర్వపడ్డాం. రాతిని తొలిచి, చుట్టూ నీటి ఒత్తిడిని నిలబెట్టి, ఉక్కు గోడ అన్నదే లేకుండా లక్షల టన్నుల నూనెను కదలకుండా ఆపడం మాటలు కాదు. అంత కష్టమైన పని మన ఇంజనీర్లకి చేతనయింది. చేతకాక ఆగిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఆ గుహల విలువ ఏమిటో 2020 చెప్పింది. లాక్‌డౌన్‌లో ధర పడిపోయి, ఏప్రిల్ 20న అమెరికాలో చమురు ముందస్తు ఒప్పందాల (ఫ్యూచర్స్) ధర సున్నా కంటే కిందికి పోయింది. ఆ ఏప్రిల్, మే నెలల్లో మనవాళ్ళు బ్యారెల్ సగటున 19 డాలర్లకి కొని మూడు గుహలూ నింపారు. దేశానికి 5,000 కోట్ల రూపాయలు మిగిలాయని మీ శాఖే చెప్పింది. నిజంగా మెచ్చుకోవాల్సిన పని. కానీ ఆ మూడూ నిండాక ఇక పోయడానికి చోటు లేదు. రెండేళ్ళు తిరిగేసరికి 2022 మార్చిలో అదే చమురుకి మనం 110 డాలర్లు దాటి కట్టాం. అంత చవకగా మళ్ళీ దొరుకుతుందో లేదో తెలియదు, దొరికిన రోజున కూడా చోటు లేకపోతే ఎవరిని అడగాలి?

ఉన్న చోటు నింపడంలోనూ ఇదే తీరు. విశాఖ, మంగళూరు గుహల కోసం చమురు కొనడానికని 2023-24 బడ్జెట్లో 5,000 కోట్లు పెట్టారు. ఆ ఖర్చు జరగకుండానే వాయిదా పడింది. ఎందుకు వాయిదా వేశారో మాకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు.

మా ఔటర్ హార్బర్ అవతల పెద్ద ట్యాంకర్లు బోయాకి కట్టుకుని చమురు దింపుతుంటాయి. వచ్చినప్పుడు నీళ్ళలోకి బాగా దిగి ఉంటాయి. ఖాళీ అవుతున్నకొద్దీ ఎర్ర రంగు వేసిన అడుగు భాగం పైకి తేలుతుంది. వాటికి దూరంగా మా బోట్లు తిప్పుకుని వెళ్ళాలి కాబట్టి ఈ ఓడల్ని ఎప్పుడూ చూస్తూనే ఉంటాం. అలాంటి భారీ ఓడ మోసేది సుమారు 20 లక్షల బ్యారెళ్ళు. అదంతా దేశానికి సగం రోజుకి కూడా చాలదు. 2015లో దిగుమతుల మీద ఆధారాన్ని 2022 నాటికి పది శాతం తగ్గించుకుందామని ప్రధాని గారు అన్నప్పుడు మనం కొనుక్కునేది 77 శాతం. 2024-25లో అది 88 శాతం దాటింది. సొంత ఉత్పత్తి ఏటేటా తగ్గుతుంటే దిగుమతి తగ్గదని మాకూ తెలుసు. అందుకే కనీసం నిల్వలైనా పెంచమంటున్నాం. మనలాగే బయటి చమురు మీద బతికే జపాన్ 200 రోజులకు పైగా నిల్వ పెట్టుకుంది. మనం అనుబంధ సభ్యులుగా ఉన్న అంతర్జాతీయ ఇంధన సంస్థ తన పూర్తి సభ్యుల్ని అడిగేది 90 రోజుల నికర దిగుమతులకు సరిపడా.

వంటగ్యాస్ సంగతి ఇంకా దారుణం. మనం వాడే ఎల్పీజీలో సుమారు 60 శాతం బయటి నుంచి, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ నుంచే వస్తుంది. దేశం రోజుకి 80 వేల టన్నులకు పైగా వాడుతోంది. విశాఖలో ఉన్న ఎల్పీజీ గుహలో పట్టేది 60 వేల టన్నులు, మంగళూరులో కొత్తగా వచ్చినదానిలో 80 వేలు. రెండూ నిండా ఉన్నా రెండు రోజులు రావు. కట్టెల పొయ్యి వదిలి సిలిండరుకి రమ్మని కోట్ల మంది ఆడవాళ్ళకి కనెక్షన్లు ఇచ్చాక, ఆ సిలిండరు ఆగితే వాళ్ళు ఎక్కడికి పోవాలి? ఇక సహజవాయువుకైతే వ్యూహాత్మక నిల్వ అన్నదే లేదు. సగం గ్యాస్ ద్రవంగా మారి ఎల్‌ఎన్‌జీ ఓడల్లో రావాలి, అందులో ఎక్కువగా పంపే ఖతార్ దారి హోర్ముజే. 2022లో మన ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్‌కి దీర్ఘకాలిక ఒప్పందం కింద రావాల్సిన ఓడలు యూరప్ గొడవల్లో రాకుండా పోయాయి. ఒప్పందం చేతిలో ఉన్నా సరుకు రాని రోజు ఉంటుందని అప్పుడే తేలింది. గ్యాస్ లేకపోతే యూరియా లేదు. ఆ సంగతి రైతులు నాకంటే బాగా చెబుతారు.

రష్యా చమురు కొన్నందుకని 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనంగా మరో 25 శాతం సుంకం వేసి మొత్తం 50 చేసింది. దాని దెబ్బ ముందుగా పడింది మన ఆంధ్రా రొయ్య మీదే. చవక చమురు కొనడం తప్పని నేననను. చేతిలో నిల్వ ఉన్న దేశానికి బేరం ఆడే ఓపిక ఉంటుంది, లేని దేశం తొందరపడి కొనాలి, కొన్నందుకు మాట కూడా పడాలి.

ఇవన్నీ రాసి మా బోటు యజమానులం అర్జీలు పెట్టుకున్నాం. ఒక కార్యాలయం నుంచి ‘మీ వినతిని సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని ఒక్క వాక్యం వచ్చింది, ఏ విభాగమో లేదు. ఇంకోచోట ఆన్‌లైన్‌లో పెట్టినదాని ఎదురుగా ‘పరిష్కరించబడినది’ అని కనిపిస్తోంది. ఏం పరిష్కరించారో అర్థం కాక, గత్యంతరం లేక మీకే నేరుగా రాస్తున్నాను.

దయచేసి చండీఖోల్ ఎప్పటికి పూర్తవుతుందో తారీఖు చెప్పండి. పాదూరు రెండో దశకి కూడా చెప్పండి. బికనీర్ ఎందుకు ఆగిందో చెప్పండి. ఆ 15.33 ఇంకా లక్ష్యమేనా, వదిలేశారా అన్నది సభలోనే చెప్పండి. ఉన్న గుహల్లో నిజంగా ఎంత చమురు ఉందో నెలనెలా ప్రకటించండి. 74 అన్న ప్రతిసారీ అందులో ఆపద కోసం దాచుకోగలిగేది 9.5 రోజులకే అన్నది కూడా అదే నోటితో చెప్పండి. వంటగ్యాస్‌కి ప్రభుత్వం పేరున ఒక నిల్వ పెట్టండి. డబ్బు లేదంటే చవకగా ఉన్న నెలల్లో కొంచెం కొంచెంగా కొనండి. ప్రైవేటు వాళ్ళు ముందుకి రావడం లేదంటే, మొదటి మూడూ ప్రభుత్వం తవ్వినట్టే ఇవీ తవ్వించండి. తవ్వండి, నింపండి, ఎప్పటికో చెప్పండి. మళ్ళీ మళ్ళీ అడుగుతున్నానని విసుక్కోకండి. వచ్చే ఏప్రిల్ 15న మా బోట్లు మళ్ళీ ఒడ్డుకి చేరతాయి, ఆ లోపు జవాబు వస్తే మా వాళ్ళందరికీ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక మరబోటు యజమాని,
ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం