మందలు నడిచే దారులను రీసర్వే పటాల్లో నిలపాలి

సంపాదకులు గారికి నమస్కారం.

విద్యార్థుల కోసం పత్రికల్లో వచ్చే ఆంగ్ల పాఠాల్లో ‘డ్రోవ్’ అనే మాటకు తోలుకుపోయే మంద అనీ, గుంపు అనీ అర్థం ఇచ్చి అంతటితో ముగిస్తుంటారు. ఆ అర్థాలు సరైనవే. అయితే మందలు నడిచే దారి అనే అర్థం కూడా ఆ మాటకు ఉంది. తూర్పు ఇంగ్లండులోని ఫెన్స్ అనే పల్లపు ప్రాంతంలో పొలాల మధ్య సాగే దారులను నేటికీ డ్రోవ్‌లనే అంటారు. భూముల రీసర్వే జరుగుతున్న ఈ కాలంలో మన రెండు రాష్ట్రాల వారూ ఆలోచించవలసింది ఈ అర్థం గురించేనని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

ప్రాచీన ఆంగ్లంలో తోలడాన్ని ‘డ్రీఫన్’ అనేవారు. దాని నుంచి ‘డ్రాఫ్’ అనే నామవాచకం ఏర్పడి, తోలడాన్నీ తోలుకుపోయే మందనూ సూచించింది. కాలక్రమంలో ఆ మంద నడిచే బాటకు కూడా అదే పేరు నిలిచింది. ఒకచోట నిలబడి మేస్తున్న పశువులకు ఈ మాట అంతగా నప్పదు. వెనక ఒక మనిషి నడుస్తూ అదిలిస్తుంటేనే అది డ్రోవ్, ఆ మనిషి డ్రోవర్.

ఈ డ్రోవర్లు స్కాట్లాండు కొండల నుంచి ఫాల్కర్క్ సంతకూ, వేల్స్ నుంచి ఇంగ్లండు మేత భూముల మీదుగా లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్ సంతకూ పశువులను వందల మైళ్లు నడిపించేవారు. గట్టి నేల మీద గిట్టలు అరిగిపోకుండా బయలుదేరే ముందే వాటికి లాడాలు కొట్టించేవారు. ఊరివాళ్ల పశువులూ, అమ్మిన డబ్బూ వీరి చేతుల్లోనే ఉండేవి కనుక 1563 నాటి చట్టం ఈ వృత్తికి లైసెన్సు తప్పనిసరి చేసి, పెళ్లయి, ఇల్లూ వాకిలీ ఉండి, 30 ఏళ్లు నిండినవారికే దానిని ఇమ్మంది. వేల్స్‌లోని లాండవరీలో డేవిడ్ జోన్స్ అనే డ్రోవర్ 1799లో ఒక బ్యాంకునే స్థాపించారు. నల్ల ఎద్దు బ్యాంకుగా పేరు పడిన ఆ సంస్థ 1909లో లాయిడ్స్ బ్యాంకులో కలిసింది. 1840ల తరవాత రైళ్లు విస్తరించడంతో పశువులు రైలుపెట్టెల్లోకి ఎక్కాయి, డ్రోవర్ల వృత్తి క్షీణించింది.

నేను ముఖ్యంగా చెప్పదలచినది ఆ తరవాతి సంగతి. వృత్తి పోయినా దారులన్నీ పోలేదు. 1949లో వచ్చిన చట్టం ప్రకారం ఇంగ్లండు, వేల్స్‌లలోని స్థానిక సంస్థలు ప్రజలకు నడిచే హక్కున్న దారులను గుర్తించి అధికారిక పటాలు తయారుచేయవలసి వచ్చింది. ఒకసారి పటంలోకి ఎక్కిన దారి విషయంలో ఆ పటమే తిరుగులేని సాక్ష్యం. గుర్రాలూ మనుషులూ వెళ్లే దారిని నిర్వచించేటప్పుడు, దానిపై పశువులను తోలుకువెళ్లే హక్కు కూడా ఉండవచ్చునని 1980 నాటి రహదారుల చట్టం నేటికీ పేర్కొంటోంది. స్పెయిన్ ఇంకా గట్టిగా నిలబడింది. అక్కడి 1995 నాటి చట్టం మందల దారులను అమ్మడానికి గానీ, ఆక్రమించి అనుభవ హక్కు కోరడానికి గానీ వీల్లేని ప్రజల ఆస్తిగా ప్రకటించి, వాటిలో పెద్దవైన కన్యాదాలకు 75 మీటర్ల వరకు వెడల్పును నిర్ణయించింది. ఆ హక్కును గుర్తుచేస్తూ ఏటా మాడ్రిడ్ నగరం నడిబొడ్డు నుంచి గొర్రెల మందలను నడిపిస్తారు.

మనకూ ఇలాంటి దారులున్నాయి. గోదావరి జిల్లాల్లో పుంత అంటాం, మరికొన్ని చోట్ల డొంక అంటారు. ఊరి పశువులు పొద్దున్నే చేరే మందబయలు కూడా పాత రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకుగా నమోదై ఉంది. ఇటువైపు గట్టు కొంత, అటువైపు గట్టు కొంత ఏటా లోపలికి జరగడంతో, బండి, మంద ఎదురుపడి తప్పుకోగలిగిన పుంతలు నేడు మోటారుసైకిలు పట్టే కాలిబాటలయ్యాయి. కొన్నిచోట్ల చేపల చెరువుల గట్లలో కలిసిపోయాయి. ఆక్రమించినవారిలో పెద్ద రైతులే కాక నావంటి చిన్నవారూ ఉన్నారు కనుకనే గ్రామాల్లో దీని గురించి ఎవరూ నోరు విప్పరు.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండవ స్థానం. రెండింటిలో కలిపి మూడున్నర కోట్లకు పైగా గొర్రెలున్నాయి. వాటిలో చాలా మందలు ఎండాకాలంలో మేతా నీళ్లూ వెతుక్కుంటూ జిల్లాలు దాటి నడుస్తాయి. కోతలైన పొలాల్లో రాత్రిపూట మంద కట్టించుకుని ఎరువు పొందే రైతులకు ఆ కాపరులు ఎంత అవసరమో తెలుసు. దారి లేక ఆ మందలు జాతీయ రహదారి ఎక్కితే లారీల కింద పడేవి గొర్రెలూ, ఒక్కోసారి కాపరులూ. అప్పుడు తప్పు కాపరిదేనని తేల్చేయడం అన్యాయం, ఎందుకంటే అతను నడవవలసిన దారిని మనమే దున్నేసుకున్నాం.

పోరంబోకుతో సహా గ్రామ ఉమ్మడి భూముల్లోని ఆక్రమణలను తొలగించే పథకాలు తయారుచేయాలని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అడవుల విషయంలో, సంచార పశుపోషకుల మేత హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. కాబట్టి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో గానీ, తెలంగాణలో కొత్తగా తయారయ్యే భూపటాల్లో గానీ నేలపై ఇప్పుడు మిగిలిన వెడల్పునే కొలిచి ఖరారు చేస్తే, ఆక్రమణకు ప్రభుత్వమే ముద్ర వేసినట్టవుతుంది. పాత గ్రామ పటంలోని వెడల్పునే ప్రమాణంగా తీసుకుని, ప్రతి పుంతకూ డొంకకూ విడిగా నంబరు ఇచ్చి, ఆ జాబితాను గ్రామసభలో చదివి వినిపించాలి. హద్దులు చూపేటప్పుడు పక్క రైతులతో పాటు ఊరి గొర్రెల కాపరులను కూడా పిలవాలి. కొత్త రహదారుల కింద పశువుల కోసం అండర్‌పాస్ కట్టే చోటు నిర్ణయించే ముందు, గ్రామ పటంలోని డొంక ఆ రోడ్డును ఎక్కడ దాటుతోందో చూడవలసిందిగా రహదారుల అధికారులను కూడా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పశ్చిమ గోదావరి జిల్లా