కామాల డేటా గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ చదువుల పేజీలో ఏఐ కోర్సుల మీద వరసగా రాస్తున్నారు, బాగానే ఉంది. ఒకే గడిలో కామాలు పెట్టి కుక్కేసిన డేటాను ఏం చేయాలో కూడా ఒకసారి రాయండి. ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లలు 1970లో ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త చెప్పిన రిలేషనల్ మోడల్ (డేటాను టేబుళ్లుగా పేర్చే పద్ధతి), ఫస్ట్ నార్మల్ ఫామ్ (గడికి ఒక్క విలువే ఉండాలన్న నియమం) అన్నీ గడగడా అప్పజెబుతారు, తీరా '1,5,12' అని ఉన్న కాలమ్ ముందు కూర్చోబెడితే జావాలో లూప్ రాయడం మొదలుపెడతారు. డేటాబేస్‌లోనే దానికి ఫంక్షన్లు ఉన్నాయని ఎవరూ చెప్పలేదంటారు!

నాకు తెలిసిన ఒక కాలేజీలో ఏం జరిగిందో చూడండి. విద్యార్థుల టేబుల్‌లో బస్సు రూట్ల కాలమ్, అందులో ఒకరికి '1,5', ఇంకొకరికి '11,21'. 1వ రూట్ బస్సు ఈరోజు రాదని మెసేజ్ పెట్టాలి. డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, అంటే క్వెరీ, రాసిన కుర్రాడు లైక్ (LIKE) వాడి, 1కి అటూ ఇటూ పర్సెంట్ గుర్తులు పెట్టాడు, అంటే 1 ఎక్కడ కనిపించినా పట్టుకొమ్మని. ఇంకేముంది, 11 వాళ్లకీ 21 వాళ్లకీ కూడా మెసేజ్ వెళ్లిపోయింది, పొద్దున్నే ఆఫీసుకి ఒకటే ఫోన్లు. మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఫైండ్ ఇన్ సెట్ అనే ఫంక్షన్ ఉంది, కామాల మధ్య ముక్క అచ్చంగా 1 అయితేనే పట్టుకుంటుంది. కాకపోతే కామా తర్వాత ఖాళీ వదిలి '5, 1' అని కొట్టి ఉంటే దానికి దొరకదు, సున్నా ఇస్తుంది, కాబట్టి ముందు రీప్లేస్ ఫంక్షన్‌తో ఖాళీలు తీసేయాలి.

ముక్కలను విడి వరుసలుగా మార్చాలంటే పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో కామాల దగ్గర కోసి జాబితా చేసే స్ట్రింగ్ టు అర్రే, దాని మీద ఆ జాబితాను వరుసలుగా పరిచే అన్‌నెస్ట్ వాడాలి. 14వ వెర్షన్ నుంచి స్ట్రింగ్ టు టేబుల్ ఒక్కటి చాలు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అదే పని చేసే స్ట్రింగ్ స్ప్లిట్ 2016లోనే వచ్చింది, అయినా కామాలను ఎక్స్‌ఎంఎల్ ట్యాగులుగా మార్చి ముక్కలు చేసే పాత చిట్కానే ఇంకా కాపీ కొడుతున్నవాళ్లున్నారు. ముక్కలు అదే వరుసలో వస్తాయన్న గ్యారంటీ మాత్రం మొదట్లో లేదు, వరుస నంబర్ అడిగే వీలు 2022 వెర్షన్‌లో ఇచ్చారు.

విడగొట్టడం కంటే కలపడంలో అసలు టెన్షన్ ఉంది, ముఖ్యంగా మన తెలుగుకి. మై ఎస్‌క్యూఎల్‌లో పేర్లన్నీ కలిపి ఒక గడిలో చూపించే గ్రూప్ కన్‌క్యాట్‌కి మామూలుగా ఉండే హద్దు 1024 బైట్లు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గుణింతపు గుర్తుకి మూడు, ఒత్తు కోసం పెట్టే పొల్లుకి మళ్లీ మూడు. 'స్త్రీ' అన్న ఒక్క మాటకే 18 బైట్లు పోతాయి. అంటే ఇంగ్లిష్‌లో హాయిగా పట్టే పేర్ల జాబితా తెలుగులో మధ్యలోనే తెగిపోతుంది, అదీ ఎర్రర్ లేకుండా, ఒక వార్నింగ్‌తో, దాన్ని ఎవరు చూస్తారు చెప్పండి? గ్రూప్ కన్‌క్యాట్ మ్యాక్స్ లెన్ సెట్టింగ్ పెంచుకుంటే సరిపోతుంది, తెలిస్తే కదా.

ఇంకోటి, అడ్రసులు. 'డోర్ నంబర్ 4-56, రామాలయం వీధి, తెనాలి' అని కోట్స్‌లో పెట్టినా స్ట్రింగ్ స్ప్లిట్‌కి కోట్స్ సంగతి తెలియదు, మూడు ముక్కలు చేసి చేతిలో పెడుతుంది. విలువల మధ్య కామాలు పెట్టి రాసే సీఎస్‌వీ ఫైలైతే ఈ ఫంక్షన్ల జోలికి పోకుండా పోస్ట్‌గ్రెస్‌లో కాపీ, మై ఎస్‌క్యూఎల్‌లో లోడ్ డేటా వాడాలి, తగిన ఆప్షన్లు ఇస్తే కోట్స్‌ని అవి చూసుకుంటాయి.

ఇన్ని ఫంక్షన్లున్నాయి కదా అని కామాల కాలమ్‌ని అలాగే ఉంచేయమని నేననను. ఫైండ్ ఇన్ సెట్‌తో వెతికితే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచిక) పనిచేయదు, టేబుల్ మొత్తం చదవాల్సిందే, వేల వరుసల్లో తెలియకపోయినా లక్షల్లోకి వెళ్లాక స్క్రీన్ తిరుగుతూనే ఉంటుంది. ఈ ఫంక్షన్లతో ఒక్కసారి విడగొట్టి, విద్యార్థి నంబర్, రూట్ నంబర్ అని రెండు కాలమ్‌ల వేరే టేబుల్‌లో వేసుకుంటే ఆ గొడవే ఉండదు. ల్యాబ్‌లో మాత్రం పిల్లలకి ఎప్పుడూ శుభ్రంగా కడిగిన టేబుళ్లే ఇస్తారు. ఖాళీలు, డబుల్ కామాలు, చివర్లో వేలాడే కామా ఉన్న ఒక టేబుల్ ఇచ్చి సరిచేయమనాలని సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెద్దల చెవిన మీ పేపర్ వేస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక డేటాబేస్ ఉద్యోగి,
కూకట్‌పల్లి, హైదరాబాద్