దెబ్బ తగిలి పన్ను ఊడితే పారేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను బెంగళూరులో మహదేవపుర వైపు ఒక పళ్ల క్లినిక్‌లో డాక్టర్ గారి దగ్గర అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. మాది హిందూపురం. మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది, వాళ్లలో ఎన్నో ఇళ్లకి మీ పేపర్ వెళ్తుంది కాబట్టి మీకే రాస్తున్నాను. ఆడుకుంటూ పడో, బంతి తగిలో ముందు పన్ను వేరుతో సహా ఊడి వచ్చేస్తే దాన్ని మళ్లీ అదే చోట పెట్టి నిలబెట్టొచ్చు. ఈ సంగతి పెద్ద చదువులు చదివినవాళ్లకి కూడా తెలియడం లేదు. తెలియకే పిల్లల పళ్లు పోతున్నాయి, అది చూడలేక ఈ ఉత్తరం.

మాకు వచ్చే ఫోన్లు ఇలా ఉంటాయి. "మేడమ్, పన్ను దొరికింది, కుళాయి కింద బాగా రుద్ది కడిగి టిష్యూలో చుట్టాం, మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఇరుక్కుపోయాం, ఇంకో ముప్పావు గంట పట్టేలా ఉంది." పాపం వాళ్లు జాగ్రత్త అనుకునే చేస్తారు. తీరా వచ్చాక ఆ టిష్యూ విప్పితే కాగితం వేరుకి అతుక్కుపోయి ఉంటుంది, చిన్న పట్టకారుతో తీస్తుంటే పేలికలు పేలికలుగా వస్తుంది, తడితడిగా ఉండాల్సిన వేరు ఎండిపోయి ఉంటుంది.

ఆ వేరు మీద ఉండే పల్చటి పొరలోనే ఉంది అంతా. పన్నుని దవడ ఎముకకి పట్టి ఉంచే సన్నటి నారలు, వాటిలో బతికున్న కణాలు ఉంటాయి. పన్ను ఊడినప్పుడు ఆ పొర కొంత వేరుతో వస్తుంది, కొంత లోపల గుంటలో ఉండిపోతుంది. పన్ను గాలికి ఆరిపోతే అరగంటకే ఆ కణాలు చాలావరకు చచ్చిపోతాయి, 60 నిమిషాలు దాటితే ఇక ఆశ పెట్టుకోలేం. ఈ ఊళ్లో సాయంత్రం పూట గంటలో ఎంత దూరం వెళ్లగలమో మీకు నేను చెప్పక్కర్లేదు, అందుకే వైద్యం క్లినిక్‌లో మొదలవ్వాలి అనుకుంటే కుదరదు, పిల్లాడు పడ్డ చోటే మొదలవ్వాలి.

మొదట ఊడిన పన్ను వెతకండి. దొరికాక తెల్లగా కనిపించే పైభాగాన్నే పట్టుకోండి, వేరుని ముట్టుకోవద్దు. మట్టి అంటి ఉంటే పాలతో గానీ, సెలైన్ ఉంటే దాంతో గానీ, ఏదీ లేకపోతే పిల్లాడి ఉమ్మితో గానీ ఊరికే అలా పైపైన కడిగేయండి చాలు. బ్రష్షు, సబ్బు, డెట్టాల్, గుడ్డతో తుడవడం, గోటితో గీకడం ఏవీ వద్దు. తర్వాత పన్ను ఊడిన గుంటలోనే మెల్లగా పెట్టి, శుభ్రమైన చేతిరుమాలు మడిచి కొరికి పట్టుకోమని చెప్పి బయల్దేరండి. ఇదంతా వినగానే చాలామందికి చేతులు వణుకుతాయి, నాకు తెలుసు. కాడుగోడి నుంచి ఒకమ్మ ఫోన్‌లో ఏడుస్తూనే నేను చెప్పినట్టు పెట్టేసింది. "ముందూ వెనకా తెలియడం లేదక్కా" అంటే, పక్క పన్ను చూడు, ఉబ్బెత్తుగా ఉన్న వైపు పెదవికి, లోపలికి వంగినట్టున్న వైపు నాలుక్కి రావాలి అని చెప్పాను. రెండో ప్రయత్నంలో కూర్చుంది. కొంచెం వంకరగా పెట్టారు, అయినా పర్వాలేదు, డాక్టర్ గారు సరిచేశారు.

ధైర్యం చాలకపోతే పాలు. మన ఊళ్లో నందిని పాల ప్యాకెట్ దొరకని సందు లేదు, మామూలు చల్లని పాలు ఒక గ్లాసులోనో డబ్బాలోనో పోసి పన్ను అందులో వేసుకుని రండి. టీ కొట్టులో కాగుతున్న పాలు, చక్కెర వేసినవి, మజ్జిగ పనికిరావు. పాలు దొరికే వీలు లేకపోతే పిల్లాణ్ణే గ్లాసులో ఉమ్మమని అందులో వేయండి. మంచినీళ్లు ఎందుకు వద్దంటామంటే, నీళ్లు ఆ కణాల్లోకి చేరి అవి ఉబ్బి పగిలిపోతాయి. అయినా ఆరబెట్టడం కంటే నీళ్లే నయం, ఇంకేమీ దొరక్కపోతే మాత్రమే. గుంటలో పసుపు, కాఫీపొడి నింపడం కూడా మానేయాలి, అది మన ఇళ్లలో ఇంకా జరుగుతోంది.

పాలపన్ను అయితే మాత్రం తిరిగి పెట్టకూడదు. దాని పైన చిగురు లోపల అసలు పన్ను తయారవుతూ ఉంటుంది, నొక్కితే దానికి దెబ్బ. ముందు పళ్లు ఆరేడేళ్లకి మారడం మొదలవుతుంది, కొత్తగా వచ్చిన పన్ను పెద్దగా ఉండి అంచు రంపంలా గరుకుగా ఉంటుంది. ఏదో తేల్చుకోలేకపోతే పాలల్లో వేసుకుని వచ్చేయండి, డాక్టర్ చూసుకుంటారు. మన అమ్మమ్మలు ఊడిన పన్నుని ఇంటి కప్పు మీదికి విసరమనేవారు, ఆ అలవాటులో ఊడిన ప్రతి పన్నూ పారేయాల్సిందే అన్న మాట మనసులో ఉండిపోయింది అనిపిస్తుంది నాకు.

పిల్లాడికి స్పృహ తప్పినా, వాంతులైనా, తలకి గట్టిగా తగిలినా పన్ను సంగతి తర్వాత, ముందు పెద్దాసుపత్రికి వెళ్లాలి, అవసరమైతే 108కి ఫోన్ చేయాలి. పన్ను ఎంత వెతికినా దొరక్క పిల్లాడు దగ్గుతూ ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో అని కూడా డాక్టర్‌కి చెప్పండి.

నాకు ఎక్కువ కోపం వచ్చేది స్కూళ్ల విషయంలో. ఒక స్కూల్లో పీటీ పీరియడ్‌లో పిల్ల పన్ను ఊడితే దాన్ని కవర్లో వేసి ఆఫీసు టేబుల్ మీద పెట్టి, వాళ్ల నాన్నకి ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్లమన్నారు. ఆయన ఎలక్ట్రానిక్ సిటీ నుంచి రావాలి. క్యాంటీన్‌లో పాలున్నాయి, కానీ ఎవరికీ తట్టలేదు. వేలకు వేలు ఫీజులు తీసుకునే చోట పీటీ సార్‌కి, ఆయమ్మకి, బస్సు డ్రైవర్‌కి ఈ నాలుగు మాటలు ఎవరైనా చెప్పి ఉంటే ఆ పాప పన్ను దక్కేది. ఫస్ట్ ఎయిడ్ పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించడానికి ఎంతసేపు పడుతుంది? అపార్ట్‌మెంట్లలో స్కేటింగ్ నేర్పేవాళ్లు కూడా ఇది తెలుసుకోవాలి, మౌత్‌గార్డ్ (ఆడేటప్పుడు పళ్లకి పెట్టుకునే మెత్తటి తొడుగు) అడగాలి. చిప్ప హెల్మెట్ పెట్టుకుని బండి మీద తిరిగే పెద్దవాళ్లకీ ఇదే వర్తిస్తుంది, అది మూతిని కాపాడదు.

క్లినిక్‌కి వచ్చాక పక్క పళ్లతో కలిపి సన్నటి తీగతో మామూలుగా 2 వారాలు కడతారు, టెటనస్ సంగతి చూస్తారు, వేరు పూర్తిగా ఎదిగిన పన్నుకి 2 వారాల్లోపే రూట్ కెనాల్ మొదలుపెడతారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉండాలి, నొప్పి లేదు కదా అని మానేస్తారు చాలామంది, మానకండి. గంట దాటిపోయినా పన్ను తీసుకునే రండి. అది ఎప్పటికీ నిలవకపోవచ్చు, కానీ కొన్నేళ్లు ఉన్నా అక్కడి ఎముక తగ్గిపోకుండా ఉంటుంది, ఎదిగే పిల్లలకి ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) వేయరు, దవడ ఎదుగుదల ఆగేదాకా ఆగాలి. ఎనిమిదేళ్ల పాపకి అదెంత కాలమో లెక్క వేసుకోండి. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్లకి కోట దగ్గర విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

ఎడిటర్ గారూ, మీరు స్కూళ్లు తెరిచే రోజుల్లో యూనిఫాంలు, పుస్తకాల గురించి పేజీలు వేస్తారు. ఈసారి అదే పేజీలో ఒక మూల చిన్న బాక్స్ కట్టి, పైభాగం పట్టుకోండి, రుద్దొద్దు, అక్కడే పెట్టండి, లేదా పాలల్లో వేసి గంటలోపు రండి అని పెద్ద అక్షరాలతో వేయండి. కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకునేలా ఉంటే ఇంకా మంచిది. మా క్లినిక్ గోడకి నేనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక డెంటల్ అసిస్టెంట్, మహదేవపుర, బెంగళూరు