ఇల్లు అమ్మితే అద్దెకున్నోళ్లు ఏమైపోవాలి? మా అమ్మాయికి ఉత్తరం

బుజ్జమ్మా,

రాత్రి నువ్వు ఏడుస్తా మాట్లాడితే సగం అర్థమైంది సగం కాలేదు, పక్కన మీ అమ్మ "ఏంటంట, ఏంటంట" అని ఒకటే గోల, అందుకే పొద్దున్నే కాఫీ తాగి ఫోన్ పట్టుకుని కూర్చున్నా. వేలితో టైపు చెయ్యడం నాకు తెమలదు, మైకు నొక్కి మాట్లాడితే క్రయ దస్తావేజు అన్నది క్రైమ్ దస్తావేజు అని పడతంది, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నాకు అర్థమైంది ఇది. మీ ఓనరు డల్లాస్‌లో ఉంటాడు, హైదరాబాద్ నిజాంపేటలో మీరున్న ఫ్లాటు అమ్మేస్తన్నాడు, ఇక్కడ వ్యవహారం చూసే ఆయన బావమరిది డిసెంబరు 15 కల్లా ఖాళీ చెయ్యమన్నాడు, "మా ఇష్టపూర్వకంగా ఖాళీ చేస్తున్నాము" అని ఒక కాగితం రాసి వాట్సాప్‌లో పెట్టి సంతకం చేసి పంపమన్నాడు. అల్లుడుగారేమో పోనీలే గొడవెందుకు వేరేది చూసుకుందాం అంటన్నారు. బుడ్డోడికి స్కూలు మధ్యలో ఉంది.

ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు. మిగతా విషయాలు తర్వాత మాట్లాడుకుందాం, అది మాత్రం పెట్టొద్దు.

నేను ముప్పై ఏళ్లపైన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసినోణ్ణి, ఇల్లు అమ్మటం ఎట్టాగో నన్నడిగితే నిద్రలో కూడా చెప్తా, హద్దులు చెక్కుబంది సహా. కానీ అమ్మే ఇంట్లో అద్దెకుండేవాడి సంగతి ఏంటని నన్ను అడిగినోడు లేడు, నేనూ ఆలోచించలేదు. ఆలోచించనందుకు నాకు బాగానే పడింది, అది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

1991లో తెనాల్లో మనం రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్లం, నీకు మూడేళ్లు. ఓనరు ఇల్లు అమ్ముతున్నానని వచ్చి, నువ్వెటూ రాసేవాడివేగా, దస్తావేజు నువ్వే రాయవోయ్ అన్నాడు. రాశా. స్టాంపు కాగితం మీద నా చేత్తోనే రాశా, "సదరు ఇంటిని ఈ దినమే మీకు ఖాళీగా స్వాధీనపరచినాను" అని. ఆ టైముకి ఆ ఖాళీ ఇంట్లో మీ అమ్మ బియ్యం కడుగుతా ఉంది, నీకు అమ్మవారు పోసి వేపాకుల మీద పడుకోబెట్టాం. అన్ని దస్తావేజుల్లో రాసే వాక్యమే కదా, చెయ్యి అలవాటుగా రాసుకుంటా పోయింది. రాసినందుకు యాభై రూపాయలు ఇచ్చాడు కూడా.

ఆరో రోజు కొన్నాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మవారు పోసిన పిల్ల ఉందంటే ఇల్లు ఎవరిస్తారు, మూడు చోట్ల కాదన్నారు, ఆఖరికి మీ పెదనాన్న వాళ్ల వసారాలో తడికలు కట్టుకుని దిగాం. రిక్షాలో సామాను తీసుకెళ్తంటే ఆవకాయ జాడీ నెర్రె ఇచ్చింది, నూనె మొత్తం పరుపు మీదకి కారింది, ఆ మరక చాలా ఏళ్లు ఉంది నీకు గుర్తుండే ఉంటది. అడ్వాన్సు ఐదొందలు అడిగితే పాతాయన కొన్నాయన్ని అడగమన్నాడు, కొన్నాయన నాకెవరిచ్చారు నేనివ్వటానికి అన్నాడు, ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి వదిలేశా. అప్పట్లో 1960 నాటి అద్దె చట్టం అమల్లో ఉంది, ఇల్లు అమ్ముడుపోయిందన్నది ఖాళీ చేయించడానికి కారణమే కాదు దాంట్లో, కొన్నాయనకి సొంతానికి ఇల్లు కావాలంటే, అద్దె తగాదాలు తేల్చే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లి అడగాలి. ఆఫీసు గుమ్మంలో కూర్చుని నాకీ ముక్క తెలీదు. రెండేళ్ల తర్వాత పక్క బల్ల ఆయన ఏదో కేసు మాటల్లో చెప్తే తెలిసింది, ఆరోజు అన్నం సయించలేదు.

అందుకని ఈసారి కూర్చుని చదివా, తెలిసిన లాయరుగారిని కూడా అడిగా.

ఇల్లు చేతులు మారితే మీ అద్దె రద్దవదు. ఆస్తి బదిలీ చట్టం అని 1882 నాటిది, 109వ సెక్షను, కొన్నవాడు ఓనరు చెప్పుల్లో కాళ్లు పెట్టినట్టే, ఆయన హక్కులన్నీ ఈయనకొస్తాయి, వాటితోపాటు అద్దెకున్న మీరూ వస్తారు. మీరు కొత్తగా ఆయనతో అగ్రిమెంట్ రాసుకుంటేనే ఉంటారు లేకపోతే లేదు అనేదేం లేదు. అదే సెక్షన్లో ఇంకో మంచి సంగతుంది, అమ్మారని మీకు తెలియక పాత ఓనరుకే అద్దె కడితే కొన్నవాడు మళ్లీ కట్టమని అడగడానికి లేదు. కాబట్టి రాతపూర్వకంగా చెప్పేదాకా ఎప్పటిలాగే అదే అకౌంటుకి పంపు. రేపు ఎవరో వచ్చి నేను కొన్నాను ఇక అద్దె నాకివ్వండి అంటే మొహమాటపడకుండా దస్తావేజు నంబరు అడుగు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీస్తే అమ్మారో లేదో కనపడతది, ఆ నంబరు నాకు పంపితే నేనే చూసి పెడతా, ఇంకేం పనుంది నాకు.

అడ్వాన్సు 44 వేలు కదా ఇచ్చింది. దాని గురించి ఆ సెక్షను ఏమంటందంటే, అమ్మినంత మాత్రాన పాత ఓనరు బాధ్యత తీరిపోదు, అద్దెకున్నవాళ్లు తమంతట తాము ఇకనుంచి కొత్తాయన్నే బాధ్యుడిగా చూసుకుంటాం అని ఎంచుకుంటేనే తీరేది. అంటే ఆ ఎంపిక మీ చేతిలో ఉంది. ఇది 1991లో నాకు తెలిసుంటే ఆ ఐదొందల కోసం అట్టా తిరిగేవాణ్ణి కాదు. కొత్తాయనతో ఏ మాట రాసుకున్నా, మీ 44 వేలు పాతాయన దగ్గర్నుంచి తనకి ముట్టిందని ఆయన రాసిచ్చాకే రాసుకోండి. అసలు ఆ డబ్బు మీరు వేసింది బావమరిది అకౌంటుకి కదా, ఓనరు అకౌంటుకి కాదు. ఆ ట్రాన్స్‌ఫర్ స్క్రీన్‌షాట్ వెతికి పెట్టు, తర్వాత దొరకదు.

ఇప్పుడు ఖాళీ చెయ్యమన్న సంగతి. మీ అగ్రిమెంట్ జూన్ 1 నుంచి పదకొండు నెలలు, ఏప్రిల్ 30 దాకా ఉంది, ఇంక నన్నెవరు కదుపుతారు అనుకుంటావేమో, అక్కడో తిరకాసుంది, నీకు ఆశ పెట్టి తర్వాత బాధపెట్టడం నాకిష్టం లేదు. ఏడాది దాటని లీజుకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని దేశమంతా పదకొండు నెలలు రాస్తారు, మన దగ్గర మాత్రం 1999లో సవరణ చేసి ఎన్ని నెలలదైనా రాసుకున్న లీజు రిజిస్టర్ చేయించాలన్నారు, రాష్ట్రం విడిపోయినా ఆ రాత పోలేదు. ఎవడూ చేయించడు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద కంప్యూటర్ షాపువాడు కొట్టిచ్చింది సంతకాలు పెట్టుకుని బీరువాలో పెట్టుకుంటారు. రేపు కోర్టుకెళ్తే అవతలి లాయరు ఇది రిజిస్టర్ కాలేదండీ, నెలనెలా అద్దె కిందే లెక్క అంటాడు. నెలనెలా అద్దెకి ఆ ఆస్తి బదిలీ చట్టంలోనే 106వ సెక్షను ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. అందుకని ఏప్రిల్ దాకా మమ్మల్ని ముట్టుకోలేరు అని ధీమాగా మాట్లాడొద్దు.

అట్టాగని పదిహేను రోజుల్లో రోడ్డు మీద పడతామనీ కాదు. ఆ నోటీసు కాగితం మీద ఉండాలి, ఓనరు గానీ ఆయన తరఫున అధికారం ఉన్నవాడు గానీ సంతకం పెట్టాలి, అది మీ చేతికి అందిన రోజునుంచి లెక్క. ఫోన్లో బావమరిది అరిస్తే నోటీసు కాదు. అసలు ఆయనకి జీపీఏ, అంటే ఓనరు తరఫున వ్యవహారం చూసే అధికార పత్రం, ఉందా? కాపీ పంపమను. నోటీసు గడువు అయిపోయినా మీరు కదలకపోతే వాళ్లు సివిల్ కోర్టులో దావా వెయ్యాలి, మీ అద్దె 22 వేలు కాబట్టి రెంట్ కంట్రోలర్ దగ్గరికి పోదు, కార్పొరేషన్లలో నెల అద్దె 3500 దాటితే ఆ 1960 అద్దె చట్టం వర్తించదు. కోర్టు తీర్పు (డిక్రీ) లేకుండా తాళం మార్చడం, సామాను బయట పెట్టడం కుదరదు. అట్టా చేస్తే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను కింద దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు, ఓనరు ఎవరన్న వాదన కూడా అక్కడ అవసరం లేదు. కరెంటు పీకుతానని బెదిరిస్తే మాట్లాడకుండా వీడియో తీసి పోలీసులకి 112కి ఫోన్ చెయ్యి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తన్నా. కోర్టులో ఏళ్లు పడుతుంది కదా అని అందులోనే కూర్చునేవాళ్లు ఉన్నారు, అద్దె కూడా ఎగ్గొట్టి. నా కూతురు ఆ పని చేస్తే నేను తలెత్తుకోలేను. ఓనరుకి తన ఇల్లు అమ్ముకునే హక్కు లేదా, ఉంది. ఆయనకి అమ్ముకునే హక్కు, మీకు మనుషుల్లాగా వెళ్లడానికి కాస్త టైము, ఈ రెంటికీ మధ్య బేరం ఉంది, ఆ బేరమే ఆడాలి.

బేరంలో మీ చేతిలో ఏముందో చెప్తా, ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, బల్ల దగ్గర కూర్చుని చూసింది. ఇంట్లో అద్దెకున్నోళ్లు ఉంటే కొనేవాడు బయానా ఇవ్వడానికే వెనకాడతాడు, రేటు తగ్గించమంటాడు, ఖాళీ చేయించాకే రిజిస్ట్రేషన్ అంటాడు. ఖాళీగా స్వాధీనపరచినాను అన్న ఆ ఒక్క వాక్యం విలువ లక్షల్లో ఉంటది. ఆ వాక్యం నిజమయ్యేది మీ సంతకంతో. అది నువ్వు వాట్సాప్‌లో ఉత్తపుణ్యానికి పంపిస్తానంటన్నావు.

అందుకని బావమరిదితో కాదు, డల్లాస్ ఆయనతోనే మాట్లాడండి, అల్లుడుగారు ఆయనకి వీలైన టైము చూసి రాత్రిపూట చేస్తే సరి. మర్యాదగా. బుడ్డోడి పరీక్షలున్నాయి, ఏప్రిల్ 30కి మేమే తాళాలు ఇచ్చేస్తాం, ఈలోపు చూడటానికి వచ్చేవాళ్లకి ఇల్లు చూపిస్తాం అని చెప్పండి. కాదు కూడదు ముందే కావాలంటే, సామాను షిఫ్టింగ్ ఖర్చు ఆయనది, అడ్వాన్సు మొత్తం, పెయింటింగ్‌కి అని నెల అద్దె కోసుకోవడం ఉండదు. వాడకం వల్ల వచ్చే మామూలు అరుగుదల అద్దెకున్నవాడి నెత్తిన వెయ్యకూడదని ఆ ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది, పైగా కొన్నవాడు ఎటూ తనకి నచ్చిన రంగు వేయించుకుంటాడు, మీ డబ్బుతో ఎవరింటికి సున్నం. అగ్రిమెంట్‌లో రెండు నెలల నోటీసు అని రాసుకున్నారు కదా, కోర్టులో నిలబడినా నిలబడకపోయినా సంతకం పెట్టింది ఆయనే, ఆ మాట గుర్తు చెయ్యండి. ఒప్పుకున్నది ఆయన చేత మెసేజ్‌లో రాయించుకోండి, తారీఖు, డబ్బు ఎంత, రెండూ. అప్పుడు మీరూ సంతకం పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. ఆఖర్రోజు ఈ చేత్తో తాళం, ఆ చేత్తో అడ్వాన్సు. రేపు వేస్తా ఎల్లుండి వేస్తా అంటే తాళం జేబులోనే పెట్టుకోమను అల్లుడుగార్ని.

అద్దె మాత్రం ఒక్క రోజు కూడా లేటు చెయ్యకు. తీసుకోనని మొరాయించి తర్వాత కట్టలేదని కేసు వెయ్యడం పాత పద్ధతి, మా రోజుల్లో మనియార్డరు చేసి రసీదు దాచుకునేవాళ్లం, నీకు యూపీఐ ఉంది కాబట్టి ఆ బాధ లేదు, పంపేటప్పుడు కింద ఏ నెల అద్దె అన్నది టైపు చెయ్యి.

మీరే కొనుక్కోవచ్చుగా అన్నాడంటగా బావమరిది. ముందు అద్దెకున్నవాళ్లకే అమ్మాలి అనే రూలు అగ్రిమెంట్‌లో రాసుకుంటే తప్ప లేదు, అడిగాడు మంచిదే, కానీ ఈ ఒత్తిడిలో పాతికేళ్ల లోను నెత్తికెత్తుకోవద్దు.

ఇక బ్రోకరు సంగతి. చెప్పకుండా ఆదివారం పొద్దున వచ్చి దేవుడి గది, బెడ్రూము అన్నీ వీడియో తీసుకుపోయాడన్నావు, నాకు ఒళ్లు మండింది. 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో ఓనరు రావాలన్నా 24 గంటల ముందు చెప్పాలని ఉంది, అయితే అది నమూనా, రాష్ట్రం తనకంటూ చట్టం చేసుకుంటేనే పనికొస్తది. కాబట్టి సెక్షన్లు చెప్పకు. శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు, ముందురోజు ఫోన్ చేసి రండి, మా సామాను, పిల్లాడు వీడియోలో పడకూడదు అని మెసేజ్ పెట్టు, వాచ్‌మన్‌కి కూడా చెప్పి ఉంచు. నీ ఇంటి తలుపు నువ్వు తియ్యకపోతే లోపలికి ఎవడూ రాడు. అద్దె కడుతున్నన్నాళ్లు అది నీ ఇల్లే.

మీ అమ్మ గోంగూర పచ్చడి, సున్నుండలు బస్సు పార్సిల్‌లో వేయిస్తానంటంది, ఈసారి ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టమన్నా. అగ్రిమెంట్ అన్ని పేజీలూ ఫొటో తీసి పంపు, మొదటి స్టాంపు కాగితం వెనకవైపు కూడా తియ్యి, అక్కడ కొన్న తేదీ, ఎవరి పేరున కొన్నారో ఉంటది. సాయంత్రం అల్లుడుగారు ఆఫీసు నుంచి రాగానే స్పీకర్ పెట్టి చెయ్యి, మాట్లాడదాం.

మీ నాన్న