పట్టు ఒరలోనే కుదరాలి

చిట్టితల్లీ,

మొన్న ఆదివారం షూటింగ్ రేంజ్ నుంచి ఇంటికి వచ్చేదాకా కార్లో నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. తూటాలన్నీ ఎడమవైపు కిందకే పోయాయని నీ బాధ. "పిస్టల్ మీద గురి చూసే సైట్లు సరిగా లేనట్టున్నాయి నాన్నా, షాపులో చూపించాలి" అని మాత్రం అన్నావు. అప్పుడే చెబుదామనుకున్నాను. కానీ స్టీరింగ్ పట్టుకున్న చేతులతో ఏం చూపిస్తాను? వట్టి నోటితో చెబితే క్లాసు పీకుతున్నానంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

సైట్లు బాగానే ఉన్నాయి. నువ్వు నీళ్ల సీసా తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు నీ తుపాకీతోనే ఐదు కాల్చాను. ఐదూ మధ్యలోనే పడ్డాయి. నీకు చెప్పలేదు, ఇంకా ఉడుక్కుంటావని.

ఆ తర్వాత టార్గెట్ వైపు చూడటం మానేసి నీ చేతుల్నే చూస్తూ నిలబడ్డాను. ప్రతిసారీ అదే జరుగుతోంది. పిస్టల్ హోల్‌స్టర్‌లోంచి, అంటే నడుముకున్న ఒరలోంచి, వస్తుంది, చేతులు ముందుకు చాచేలోపు నీ వేళ్లు పిడి మీద ఒకటికి రెండుసార్లు జరుగుతాయి. గుమ్మం దాటాక నడుస్తూ కుచ్చిళ్లు సర్దుకున్నట్టు. అలా సర్దినా పట్టు పూర్తిగా కుదరదు కనుక ట్రిగ్గర్ నొక్కే క్షణంలో మిగతా వేళ్లు కూడా భయపడి బిగుసుకుంటాయి. కుడిచేతి వాళ్లకి అలా పిడికిలి మొత్తం బిగిస్తే గొట్టం కొన కిందకి, ఎడమకి వంగుతుంది. నీ కాగితం మీద రంధ్రాలు ఉన్నది సరిగ్గా అక్కడే.

ఇందులో నీ తప్పు పెద్దగా లేదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు, చట్టప్రకారం తుపాకీ ఉంచుకోదగినవాళ్లు, లైసెన్సు లేకుండానే దాన్ని వెంట పెట్టుకోవచ్చు. అయినా నువ్వు క్లాసుకి వెళ్లి లైసెన్సు తీసుకున్నావు, మంచి పని చేశావు. కానీ ఆ పరీక్ష గుర్తు తెచ్చుకో: 50 తూటాలు, 3 గజాలు, 7 గజాలు, 15 గజాల దూరాలు, 250 మార్కులకి 175 వస్తే పాస్. తుపాకీ అప్పటికే నీ చేతుల్లో ఉంటుంది. బట్టల కింద నుంచి తీయడమనే పనిని అక్కడెవరూ అడగలేదు. దాచి పెట్టుకు తిరిగేవాళ్లకి అసలు పని అదే కదా.

ఇక పట్టు సంగతి. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు ఉంటుందే, అది పిడి వెనక పైభాగాన తోకలా పొడుచుకొచ్చిన చోటు కిందకి, ఇక పైకి జరగడానికి వీల్లేనంతగా ఆనుకోవాలి. చెయ్యి ఎంత పైన ఉంటే గొట్టం నీ మణికట్టుకి అంత దగ్గరవుతుంది. అప్పుడు తుపాకీ వెనక్కి తన్నినా కొన అంత ఎత్తుకి ఎగరదు. చెయ్యి కిందకి ఉంటే గడపార కొస పట్టుకుని ఎత్తినట్టే. మధ్య వేలి కణుపు ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయం, అదే ట్రిగ్గర్ గార్డ్, అడుగున గట్టిగా తగలాలి. అక్కడ గాలి దూరే ఖాళీ ఉన్నా చెయ్యి కిందకి జారినట్టే లెక్క.

ఇదంతా పిస్టల్ ఇంకా హోల్‌స్టర్‌లో ఉండగానే జరిగిపోవాలి. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే. బయటికొచ్చాక సర్దుకోవడమనేది ఉండకూడదు, ఎందుకంటే ఆ సమయం నీకు దొరక్కపోవచ్చు, దొరికినా చేతులు వణుకుతుంటాయి.

ఎడమచేతి విషయంలో నువ్వు చేస్తున్నది కప్పు కింద సాసర్ పెట్టినట్టుంది. కింద ఊతం పెడితే ఏమీ ఆగదు. కుడిచెయ్యి పట్టుకోగా పిడి ఎడమ పక్కన కొంత ఖాళీ మిగులుతుంది చూడు, ఎడమ అరచేతిలో మణికట్టు దగ్గరి ఎత్తైన భాగం ఆ ఖాళీలో కూర్చోవాలి. నాలుగు వేళ్లూ ట్రిగ్గర్ గార్డ్‌కి ఆనుకుని కుడిచేతి వేళ్ల మీద బిగుసుకోవాలి. ఎడమ మణికట్టు కాస్త కిందకి వంచితే బొటనవేలు దానంతటదే టార్గెట్ వైపు చూస్తుంది. రెండు బొటనవేళ్లూ ఒకే పక్కన, ముందుకి. ఎడమ బొటనవేలు ఎప్పుడూ స్లయిడ్, అంటే కాల్చినప్పుడు వెనక్కి కదిలే పైభాగం, వెనక అడ్డంగా పెట్టకు, అది వెనక్కి వచ్చినప్పుడు చర్మం ఒలుచుకుపోతుంది.

ఎంత గట్టిగా పట్టుకోవాలి అంటే, కుడిచెయ్యి నలభై శాతం, ఎడమది అరవై శాతం అని లెక్కలు చెబుతారు. ఆ లెక్క నాకు ఇంతవరకు ఉపయోగపడలేదు, పిడికిలికి మీటరేం ఉండదు కదా. కుడి చూపుడువేలు స్వేచ్ఛగా కదిలేంత వదులు మిగిల్చి, బిగింపంతా ఎడమచేతికి అప్పగించు. వరసగా ఐదు కాల్చాక రెండు చేతులూ విడిపోయి ఉంటే బలం చాలక కాదు, ఎడమ అరచెయ్యి ఆ ఖాళీలో కూర్చోలేదని అర్థం.

నీ పిస్టల్ చిన్నది కావడం కూడా ఒక కారణమే. నీ దగ్గరున్న ఈ సిగ్ కంపెనీ వాళ్ల పీ365 2018లో వచ్చినప్పుడు అంత చిన్న ఒంట్లో పది తూటాలా అని అందరం ఆశ్చర్యపోయాం. దాచుకోవడానికి హాయి. కానీ తూటాలు నింపి పిడిలో దూర్చే ఆ పొట్టి మ్యాగజైన్‌తో చిటికెన వేలికి చోటు చాలదు, గాల్లో వేలాడుతుంది. అడుగు కాస్త పొడుగ్గా ఉండే మ్యాగజైన్ వాడి చూడు. చొక్కా కింద కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తుందేమో, కానీ చిటికెన వేలికి పని దొరుకుతుంది. ఆ బేరం నాకు ఇష్టమే.

ఇప్పుడు తీయడం. ఎడమచేత్తో బట్ట అంచుని సరిగ్గా పిస్టల్ ఉన్నచోటే గుప్పెడు పట్టుకుని, మొహమాటం లేకుండా రొమ్ము దాకా లాగు. సగం లాగితే బట్ట మళ్లీ జారి పిడికీ చేతికీ మధ్యలో ఇరుక్కుంటుంది. ఎడమచెయ్యి లాగుతుండగానే కుడిచెయ్యి దిగుతుంది, ఇంతకు ముందు చెప్పిన పట్టు మొత్తం అక్కడే పట్టేస్తుంది. చూపుడువేలు నిటారుగా, హోల్‌స్టర్ బయట. ఆ తర్వాత నిలువుగా పైకి, కొన బయటపడేదాకా. బయటపడ్డాకే ముందుకి తిప్పాలి. రెండు చేతులూ కలిసేది రొమ్ము ముందు. ఎడమచెయ్యి అప్పటిదాకా ఒంటికి అతుక్కునే ఉండాలి. నువ్వు దాన్ని ముందే చాచి పిస్టల్ కోసం ఎదురుచూస్తున్నావు, అలా చేస్తే గొట్టం నీ అరచేతి మీదుగా వెళుతుంది. ఆదివారం రెండుసార్లు వెళ్లింది. నాకు గుండె ఆగినంత పనైంది. కలిశాక తిన్నగా ముందుకి నెట్టడమే, సైట్లు వాటంతటవే కంటి ముందుకి వస్తాయి. కాల్చాలని తేల్చుకున్నాకే వేలు ట్రిగ్గర్ మీదకి.

నువ్వు కడుపు ముందు పెట్టుకుంటావు, నేను కుడి పిర్ర వెనక పెట్టుకుంటాను. ఎవరిది మంచిదని మనిద్దరం వాదించుకోవడం ఇక మానేద్దాం. ముందు పెట్టుకుంటే తీయడం తొందరగా అవుతుంది, నిజమే. కానీ గొట్టం ఎటు చూస్తుందో నీకు తెలుసు, తొడలో పెద్ద రక్తనాళం ఉంటుంది. అందుకే ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పేసే గట్టి హోల్‌స్టర్, వంగని బెల్టు ఉండాల్సిందే. మెత్తటి గుడ్డ సంచుల జోలికి పోకు.

కుర్తీ సంగతి వేరే చెప్పాలి. మోకాళ్ల దాకా ఉండే కుర్తీని రొమ్ము దాకా లాగాలంటే ఎంత గుడ్డ పోగు చేయాలో ఎప్పుడైనా లెక్కపెట్టావా? నువ్వు టీ షర్టుతో సాధన చేసి, పనికి కుర్తీతో వెళుతున్నావు. ఏ బట్టల్లో తిరుగుతావో ఆ బట్టల్లోనే సాధన చేయాలి.

మొదట్లో నాకూ ఈ రెండు చేతుల గొడవ ఎందుకనిపించేది. పాత రోజుల్లో పందేల్లో కూడా ఒంటిచేత్తో, తుంటి దగ్గర నుంచే కాల్చేవాళ్లు. 1950ల చివర్లో కాలిఫోర్నియాలోని బిగ్ బేర్‌లో జెఫ్ కూపర్ అనే పిస్టల్ శిక్షకుడు నడిపిన పోటీల్లో జాక్ వీవర్ అనే షెరీఫ్ డిప్యూటీ రెండు చేతులతో పట్టుకుని, కంటి ఎత్తుకి తెచ్చి, సైట్లు చూసి కాల్చడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు తొందరగా తప్పుతుంటే అతను ఒక్క క్షణం ఆలస్యంగా తగిలించి గెలిచేవాడు. ఇప్పుడు ఎక్కువమంది చేతులు రెండూ సమానంగా చాచే పద్ధతికి మారారు కానీ, చూసి కాల్చినవాడే గెలుస్తాడన్నది అక్కడే తేలిపోయింది. నీకు టైమర్ పిచ్చి ఉంది కనుక చెబుతున్నా. 7 గజాల దగ్గర, బట్టల కింద నుంచి, రెండు సెకన్లలో మొదటి తూటా మధ్యలో పడితే నాకు చాలు. ఒకటిన్నరకి తెచ్చి పక్కన పడేసుకోవడం నాకొద్దు.

తిరిగి పెట్టడానికి మాత్రం టైమర్ లేదు. ఒక చలికాలం నేను జాకెట్ వేసుకుని పిస్టల్ లోపల పెడుతుంటే ఏదో అడ్డం తగిలినట్టైంది. ఒక్క పిసరు నెట్టి ఉంటే దిగేదేమో. ఎందుకో ఆపి, బయటికి తీసి చూశాను. జాకెట్ నడుము తాడు చివరి ప్లాస్టిక్ ముడి హోల్‌స్టర్‌లో పడి ఉంది, ట్రిగ్గర్ గార్డ్ లోపలికి దూరడానికి సిద్ధంగా. ఆ రోజు అన్నం తినలేకపోయాను. మీ అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు. లోపల పెట్టేటప్పుడు బట్ట పూర్తిగా తొలగించి, నడుము కాస్త ముందుకి నెట్టి, కళ్లతో చూస్తూ, నెమ్మదిగా పెట్టు. ఏదైనా అడ్డం తగిలితే నెట్టకు, తీసి చూడు.

ఇంట్లో ఖాళీ తుపాకీతో రోజూ పది నిమిషాలు చాలు. మ్యాగజైన్ తీసి, గొట్టం వెనక తూటా కూర్చునే ఛాంబర్ కళ్లతో చూసి, చిటికెన వేలితో తడిమి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు మూసెయ్. ఎదురుగా తూటాని ఆపగల గోడ ఉండాలి, పక్కింటివాళ్లకీ నీకూ మధ్య ఉన్న పల్చటి పలక కాదు. మొదటి వారం ట్రిగ్గర్ జోలికే వెళ్లకు. బట్ట లాగు, పట్టు పట్టు, అక్కడే ఆగి కిందకి చూసుకో, చెయ్యి సరైన చోట ఉందా? లేకపోతే వదిలేసి మళ్లీ. పిస్టల్ బయటికి రానక్కర్లేదు. పది నిమిషాలయ్యాక "అయిపోయింది" అని పైకి అను, నవ్వొచ్చినా సరే. చాలా ప్రమాదాలు ఆ తర్వాతే జరుగుతాయి, మళ్లీ లోడు చేసేసి, అలవాటుగా ఇంకొక్కసారి తీద్దామనుకున్నప్పుడు.

ఇంకో విషయం, ఇది నీకు తెలిసిందే. పార్కింగ్‌లో ఎవడో అరిచాడని చొక్కా ఎత్తి చూపించడం ఉండదు. జనం బెదిరేలా తుపాకీ ప్రదర్శించడం ఇక్కడ నేరం. ప్రాణం మీదకి వస్తే తప్ప చెయ్యి అటు పోకూడదు. నడుస్తూ నడుస్తూ మోచేత్తో తడిమి చూసుకుంటున్నావు కదా, ఆ అలవాటు కూడా మానుకో, తెలిసినవాడికి వెంటనే తెలిసిపోతుంది. డ్యూటీ అయ్యాక స్నేహితులతో వెళ్లే చోట గుమ్మం దగ్గర ఎర్రగా 51 అని బోర్డు ఉంటే అక్కడ మద్యమే ప్రధాన వ్యాపారమని అర్థం. లైసెన్సు ఉన్నా లోపలికి తీసుకెళ్లకూడదు. దాన్ని కార్లో వదిలేసే రోజున తాళం వేసే పెట్టె కూడా ఉండాలి, సీటు కింద కాదు.

వచ్చే ఆదివారం ఆ పొడుగు నీలం కుర్తీ వేసుకునే రా. తూటాలు కొనకు, మొదటి గంట ఖాళీదానితోనే. పొడుగు మ్యాగజైన్ ఒకటి తెప్పించాను, వంటింటి డ్రాయర్‌లో పెడితే అమ్మ చూసి గొడవ చేసింది, ఇప్పుడు గరాజ్‌లో ఉంది.

నాన్న