పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి: గుర్రాలకు నట్టల మందు కన్నా ముందు లద్దె పరీక్ష కావాలి

గౌరవనీయులైన మంత్రి గారికి,

రెండు మూడు నెలలకోసారి గుర్రాలన్నిటికీ ఒకేసారి నట్టల మందు వేయించే పద్ధతిని ఆపించమని కోరుతున్నాం. 1960ల్లో ఆ పద్ధతి సరైందే. అప్పటి భయమంతా గుర్రం పేగుల్లో ఉండే పెద్ద స్ట్రాంగైల్ అనే నట్ట గురించి. దాని పిల్లపురుగులు పేగులకు రక్తం పంపే ధమనిలో చేరి, గుర్రాన్ని శూలతో చంపేవి. ఇప్పుడు చాలాచోట్ల అది అరుదైంది. ఇప్పుడు మందులకు మొండికేసినవి అదే జాతి చిన్న నట్టలు, చిన్న స్ట్రాంగైల్స్.

వీటి పిల్లపురుగులు పెద్దపేగు గోడలో తిత్తి కట్టుకుని నెలల తరబడి, ఒక్కోసారి రెండేళ్ల పైన కూడా ఉండిపోతాయి. ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందు వాటిని పెద్దగా ఏమీ చేయలేదు. ఫెన్‌బెండజోల్ కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున ఐదు రోజులు వేస్తే ఒకప్పుడు పోయేవి, ఇప్పుడు చాలాచోట్ల లొంగడం లేదు. కాస్త నమ్మదగ్గది కిలోకు 0.4 మి.గ్రా. మాక్సిడెక్టిన్. అదీ పసి గుర్రపు పిల్లలకు, బాగా చిక్కిన గుర్రాలకు ప్రమాదం. తిత్తులన్నీ ఒక్కసారి పగిలితే గుర్రం రోజుల్లో ఎముకలు తేలుతుంది, పారుకుంటుంది, పొట్ట కింద నీరు దిగుతుంది. లద్దెలో సన్నని ఎర్రదారం ముక్కల్లా పురుగులు కనిపిస్తాయి. వైద్యం అందినా జబ్బుపడ్డవాటిలో సగం దాకా చనిపోవచ్చు. విచిత్రమేమంటే, ఆ రోజు లద్దెలో పురుగుల గుడ్లు లెక్కపెట్టే పరీక్షలో సున్నా రావచ్చు. పిల్లపురుగులు గుడ్లు పెట్టవు కదా!

మరి పరీక్ష దేనికి? ఏ గుర్రం మేతభూమిని పాడుచేస్తోందో పట్టుకోవడానికి. సుమారు ఐదో వంతు గుర్రాలే 80 శాతం గుడ్లు వదులుతాయి. 4 గ్రాముల లద్దెను 56 మి.లీ. చిక్కటి ఉప్పునీళ్లలో (అడుగున ఉప్పు మిగిలేదాకా కలిపినవి) చిదిపి, వడగట్టి, మెక్‌మాస్టర్ స్లైడు (గుడ్లు లెక్కపెట్టేందుకు గళ్లు గీసిన పలక) రెండు గదులూ నింపి, కనిపించిన గుడ్లను 50తో హెచ్చిస్తే గ్రాముకు లెక్క వస్తుంది. హద్దు 200, 500 మధ్య ఎక్కడో పెట్టుకుని, అది దాటిన పెద్ద గుర్రాలకే (కింద చెప్పే ఏడాది మందు కాక) మందు వేయాలి. లద్దె తాజాది కావాలి. సంచిలో గాలి పిండేసి చల్లగా ఉంచాలి, గడ్డకట్టించకూడదు. ఎండలో వదిలేస్తే గుడ్లు పొదిగిపోయి లెక్క తగ్గుతుంది, పురుగులు లేవనుకుని మోసపోతాం.

మందు పనిచేయకపోవడానికి ఒక కారణం కంటిచూపుతో బరువు కట్టడం. ఛాతీ చుట్టుకొలతను (సెం.మీ.) దానితోనే హెచ్చించి, ఒంటి పొడవుతో మళ్లీ హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 150, పొడవు 130 అయితే 246 కిలోలు. దాన్ని 200 కిలోలని అనుకుంటే ఐవర్‌మెక్టిన్ 49 మి.గ్రా. పడాల్సినచోట 40 పడుతుంది. గట్టి పురుగులు బతికి, వాటి సంతానమే మిగులుతుంది.

మందు వేసిన 14వ రోజున మళ్లీ లెక్కపెట్టాలి. 800 ఉన్నది 200కు దిగితే తగ్గింది 75 శాతమే. ఐవర్‌మెక్టిన్‌కు సగటున 95 శాతం కన్నా తక్కువ వస్తే పురుగులకు ఆ మందుకు లొంగని మొండితనం వచ్చిందని అనుమానించాల్సిందే. ఆరేడు గుర్రాల లెక్క కలిపి చూడాలి, ఒక్కదాన్ని చూసి తేల్చకూడదు.

గుర్రపు పిల్లలకు ఈ లెక్కలు వర్తించవు. వాటిలో పెద్ద ఏలికపాములు ఉంటాయి, అవి చాలాచోట్ల ఐవర్‌మెక్టిన్‌కు లొంగడం మానేశాయి. రెండు మూడు నెలల వయసులో ఫెన్‌బెండజోల్ మేలు. పురుగులు కుప్పగా ఉన్న పిల్లకు వాటిని ఒక్కసారిగా చచ్చుబడేసే మందు వేస్తే, చచ్చినవన్నీ ఉండకట్టి పేగు మూసుకుపోతుంది. బద్దెపురుగులు ఈ లద్దె పరీక్షలో సరిగా పట్టుబడవు, వాటికి ప్రాజిక్వాంటెల్ వేరే వేయాలి. తోక రుద్దుకునే గుర్రానికి మలద్వారం దగ్గర టేపు అంటించి చూస్తే నులిపురుగు గుడ్లు దొరుకుతాయి.

వారానికి రెండుసార్లు మేతభూమిలో లద్దె ఎత్తించడం మందుతో సమానమైన పని. పచ్చి లద్దెను మేతభూమిలో చల్లకూడదు, ముందు కుప్పవేసి మగ్గనివ్వాలి.

డెన్మార్క్ 1999 నుంచి ఈ మందులు పశువైద్యుడి చీటీ మీదే ఇస్తోంది. అక్కడ ఒక చిక్కు వచ్చింది: మందు బాగా తగ్గించిన చోట్ల పెద్ద స్ట్రాంగైల్ మళ్లీ తలెత్తింది. అందుకే లెక్క తక్కువున్న గుర్రాలకూ ఏడాదికి ఒకటి రెండుసార్లు మందు తప్పదు. చీటీ నిబంధనతోపాటు ప్రతి పశువైద్యశాలకూ మెక్‌మాస్టర్ స్లైడ్లు, కొలత టేపులు, 14వ రోజు లెక్క రాసే రిజిస్టరు ఇప్పించండి. రిజిస్టరు ఖాళీగా ఉన్న చోటికి తర్వాతి విడత మందు పంపకండి.

ఇట్లు,
గుర్రాలకు వైద్యం చేసే పశువైద్యులు