ఆ గ్యాస్ స్టేషన్ పెద్దాయనకి దండాలు

పోయిన నెల డాలస్ నుంచి పాలో డ్యూరో కాన్యన్‌కి పిల్లలతో బయల్దేరాం, కొత్తగా కొన్న పదహారడుగుల క్యాంపర్ (లోపల పడుకునే వీలున్న ట్రైలర్) మా హైలాండర్ కారు వెనక తగిలించుకుని, లాగడం అదే మొదటిసారి. 287 హైవే మీద చైల్డ్రెస్ ఊరు దాటాక గాలి మొదలైంది, ట్రైలర్ పాములా అటూ ఇటూ ఊగుతుంటే నా అరచేతులు చెమటతో స్టీరింగ్ మీద జారిపోతున్నాయి.

గ్యాస్ స్టేషన్‌లో ఆగితే పక్క ట్రక్కులోంచి ఒక పెద్దాయన తనంతట తనే వచ్చి క్యాంపర్ తలుపు తీయమన్నారు. నీళ్ల క్యాన్లు, బియ్యం బస్తా, కూలర్ అన్నీ వెనకే పెట్టాం మరి! బరువు వెనకుంటే ఊగుతుందట, ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే కారు వెనక ట్రైలర్ తగిలించే చోట పడాలంట, అంటే మా 3,000 పౌండ్ల ట్రైలర్‌కి కనీసం 300. కారు ఎంత లాగుతుందో చూసుకుని కొన్నాం గానీ ఈ సర్దుడు సంగతి అమ్మినవాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు. పెద్దాయన నాతో పాటు అన్నీ యాక్సిల్ (చక్రాల ఇరుసు) ముందుకి మోశారు, తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని సేఫ్టీ చైన్లు విప్పి హిచ్ కింద ఇంటూ గుర్తులా తగిలించారు, కప్లర్ (హిచ్‌ని పట్టుకునే ట్రైలర్ కొస) ఊడినా ట్రైలర్ ముక్కు రోడ్డుకి తగలకుండా వాటి మీద ఆగుతుందని.

అక్కణ్ణించి బండి గీత గీసినట్టు నడిచింది. పేరడిగేలోపే వెళ్ళిపోయారు, మా చిన్నది ఇచ్చిన జంతికల ప్యాకెట్ మాత్రం తీసుకున్నారు. సార్, మీరు తెలుగు చదవలేరు, అయినా చేతులెత్తి దండం పెడుతున్నా.